ఒకే పేరుతో రెండు డీఎల్ఎల్‌లు

సందేహం: మిర్యాలగూడ రైస్‌మిల్లుల కోసం తూకం, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశాను. కాంటా అమ్మినవాళ్లు ఇచ్చే డీఎల్ఎల్‌ను (వేరే ప్రోగ్రామ్ మెమరీలోకి తెచ్చుకుని వాడుకునే విండోస్ కోడ్ ఫైలును) మిల్లువాళ్లే ప్లగిన్‌గా జోడించుకోవచ్చు. ఒక మిల్లులో రెండు కాంటాల ఫైళ్లకూ ఒకే పేరు ఉంది. రెండో కాంటా మీదికి ఖాళీ లారీ ఎక్కినా, తెర మీద మొదటి కాంటాపై ఉన్న వడ్ల లారీ బరువే కనిపిస్తోంది. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపినా అంతే.

జవాబు: కాంటాలో లోపం లేదు. డీఎల్ఎల్‌ను మెమరీలోకి తెచ్చే విండోస్ ఫంక్షన్ లోడ్‌లైబ్రరీకి మీరు ఫైలు పేరు మాత్రమే ఇస్తున్నట్టున్నారు. ఆ పేరుగల డీఎల్ఎల్ అప్పటికే మెమరీలో ఉంటే, విండోస్ రెండో ఫైలు జోలికి పోకుండా పాతదాన్నే చేతికిస్తుంది. ఒక్కో ప్లగిన్‌ను ఒక్కో ఫోల్డర్‌లో పెట్టి, పూర్తి పాత్‌తో (ఫోల్డర్ల పేర్లతో సహా) లోడ్ చేస్తే రెండూ విడివిడిగా వస్తాయి. అయితే ఆ ప్లగిన్లు వెంట తెచ్చుకునే సీరియల్ పోర్ట్ లైబ్రరీల (కాంటాతో కేబుల్ ద్వారా మాట్లాడే డీఎల్ఎల్‌ల) పేర్లు కూడా కలిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. వాటిని విండోస్ పేరుతోనే గుర్తుపడుతుంది కనుక, ముందు వచ్చినదే రెండోదానికీ అంటగడుతుంది. ఆ లైబ్రరీ ఫైలు పేరు మార్చినా లాభం లేదు, ప్లగిన్ లోపలి ఇంపోర్ట్ టేబుల్‌లో (దానికి కావలసిన డీఎల్ఎల్‌ల పేర్ల జాబితాలో) పాత పేరే ఉంటుంది. ప్రతి ఒక్కరూ తమ ఫైలుకు ‘స్కేల్’ అనో ‘డ్రైవర్’ అనో పేరు పెట్టి చేతులు దులుపుకోవడం ఈ కాంటాల తయారీదారులకు అలవాటైపోయింది.

పేర్ల తగువు కన్నా నన్ను కలవరపెట్టింది ‘మిల్లువాళ్లే జోడించుకోవచ్చు’ అన్న మీ మాట. డీఎల్ఎల్ లోడ్ అవుతుండగానే, అందులోని ఏ ఫంక్షన్‌నూ మీరు పిలవకముందే, దాని డీఎల్ఎల్‌మెయిన్ అనే ప్రారంభ ఫంక్షన్ నడుస్తుంది. లోడ్ చేశాక వెర్షన్ అడిగి మంచిదో కాదో తేల్చుకోవడమంటే, దొంగను ఇంట్లో కూర్చోబెట్టి ఊరూ పేరూ అడగడమే. వాట్సాప్‌లోనో పక్క మిల్లు పెన్‌డ్రైవ్‌లోనో వచ్చిన ఫైలుకు మీ ప్రోగ్రామ్ హక్కులన్నీ దక్కుతాయి. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు, డేటాబేస్ పాస్‌వర్డ్ దాని ముందు పరిచినట్టే. పని జరగకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి చూడటమనే చిట్కాను ఎవరు మొదలుపెట్టారో గానీ, మీరు ఇక్కడ మొత్తం కంప్యూటర్‌నే అప్పగించారు.

ఒక్కో కాంటా ప్లగిన్‌ను తక్కువ హక్కులుగల వేరే ప్రాసెస్‌లో (విడిగా నడిచే ప్రోగ్రామ్‌లో) నడిపి, రెండు ప్రాసెస్‌ల మధ్య సమాచారం పంపే పైప్ ద్వారా బరువు అంకెను మాత్రమే తెప్పించుకోండి. పేర్ల చిక్కూ దాంతోనే తీరుతుంది, ఒకటి కూలినా బిల్లింగ్ ఆగదు. ఫైలు ఎవరిచ్చారో, మధ్యలో మారిందో లేదో చెప్పే డిజిటల్ సంతకాన్ని లోడ్‌కు ముందే పరిశీలించండి. ప్లగిన్ ఫోల్డర్‌లో మామూలు యూజర్లు రాయలేకుండా చూడండి, లేకుంటే పరిశీలనకూ లోడ్‌కూ మధ్యలో ఫైలును మార్చేయవచ్చు. అంతవరకు ఆ మిల్లులో కంప్యూటర్‌కు ఒక కాంటానే తగిలించమనండి, ఇప్పటికే ఇచ్చిన తూకం చీటీలను లారీల ఖాళీ బరువులతో సరిచూడమనండి.