మందు కొట్టకు బిడ్డా, అది నిమ్మ సీతాకోకచిలుక

బిడ్డా,

కల్యామాకు కుండీలో చిగుర్లన్నీ పురుగు తింటోంది, మందు కొట్టాలా అని అడిగావు. ఫొటో చూశాను. కొట్టకు. నల్లగొండలో బత్తాయి తోట ఉన్న ఎవరిని అడిగినా చెప్తారు, అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల.

నిమ్మ, బత్తాయి, మారేడు, కల్యామాకు అన్నీ ఒకే కుటుంబం చెట్లు. తల్లి వెతుక్కుని వచ్చి వాటి మీదే గుడ్లు పెడుతుంది. అందుకే రెక్కల కంటే ముందు చెట్టు చూడమంటాను. జిల్లేడు మీద చారల పురుగు కనిపిస్తే అది ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుకది, దాని లెక్క వేరు.

నిమ్మ సీతాకోకచిలుక నల్లటి రెక్కల నిండా లేత పసుపు మచ్చలు, వెనక రెక్క లోపలి అంచున ఒక ఎర్ర మచ్చ ఉంటాయి. రెక్కలు చాపితే 8 నుంచి 10 సెంటీమీటర్లు. తోక ఉండదు, అది గుర్తుపెట్టుకో. కామన్ మార్మన్ అనే ఇంకో సీతాకోకచిలుక కూడా కల్యామాకు మీదికే వస్తుంది కానీ దానికి తోకలుంటాయి. పురుగు దశలో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి తేల్చుకోవడానికి తొందరపడకు.

గుడ్డు లేత పసుపు రంగులో గుండ్రంగా, మిల్లీమీటరంత ఉంటుంది. చిగురుకు ఒక్కొక్కటిగా పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. చివరిసారి విడిచేదాకా అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. ఆ తర్వాత ఆకుపచ్చగా మారి, రోజుకు ఎంత తింటుందో చూస్తే నీకే టెన్షన్ వస్తుంది! వేలితో కొంచెం తాకి చూడు. తల వెనక నుంచి నారింజ రంగు చీలిక కొమ్ము బయటికి తీస్తుంది. ఆ కంపు చీమలను తరిమేందుకు, నిన్ను కూడా.

ఇంట్లో పెంచాలంటే రెమ్మను నీళ్ల సీసాలో పెట్టి, మూతి దగ్గర దూది కుక్కు. లేకపోతే పురుగు నీళ్లలో పడి చస్తుంది. పైన దోమతెర గుడ్డ కప్పు. అంగడిలో కొన్న ఆకు మాత్రం వేయకు, మందు కొట్టి ఉంటుంది. సుమారు రెండు వారాలకు తిండి మానేసి అటూ ఇటూ తిరుగుతుంది. అప్పుడు పుల్ల పెట్టు. నడుముకు పట్టుదారం కట్టుకుని ప్యూపా అవుతుంది, అంటే రెక్కలొచ్చేదాకా తొడుగులో కదలకుండా ఉండే దశ. సీతాకోకచిలుక బయటికి రావడానికి ఈ ఎండల్లో వారం, పది రోజులు, చలికాలమైతే ఇంకా ఆలస్యం. ఒక్కోసారి ప్యూపాకు చిన్న చిల్లు పడి బుల్లి కందిరీగలు బయటికొస్తాయి. వాటి తల్లి ముందే లోపల గుడ్లు పెట్టేసి ఉంటుంది, నువ్వు చేసిన తప్పేం లేదు.

తోటలో లేత మొక్కల మీద వీటిని నేను ఏరేస్తాను. ఆకు పోతే మొక్క ఎదగదు. పెద్ద చెట్లయితే పట్టించుకోను. నీ కుండీకి ఆ బాధ లేదు, చారుకు ఆకు తక్కువైతే పక్కింట్లో అడుగు.

పచ్చి పుల్ల ఒకటి, ఎండు పుల్ల ఒకటి పెట్టు. చుట్టూ ఉన్నదాన్ని బట్టి ప్యూపా ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో వస్తుంది. దేని మీద ఏ రంగు వచ్చిందో ఫోన్ చేసి చెప్పు.

మీ తాత