ఘాట్ దిగాక వచ్చే నీలం పొగ ఆయిల్ మారిస్తే పోతుందా?

పదేళ్లు దాటిన 100 సీసీ బండి, రోజూ కొండ మీద డ్యూటీ, అలిపిరికి దిగేసరికి వెనక వచ్చేవాళ్లు పొగ అని తిడుతున్నారు, ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోస్తే తగ్గుతుందా అని అడిగారు. నేనూ ఆరేళ్లు అదే దారిలో అలాంటి బండే తోలాను. డబ్బా కొనే ముందు పొగ ఏ రంగులో ఉంది, ఎప్పుడు వస్తోంది అన్నది చూడండి.

నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. నీలంగా ఉండి మాడిన నూనె వాసన కొడితే ఆయిలే కాలుతోంది. నా బండి కొండ ఎక్కేటప్పుడు బుద్ధిగా ఉండేది. దిగేటప్పుడు థ్రాటిల్ మూసేసి, గేర్ మీదే ఆపుకుంటూ వస్తాం కదా, అప్పుడు ఇంజన్ లోపల వాక్యూమ్ పెరిగి, అరిగిన వాల్వ్ సీల్ (వాల్వ్ చుట్టూ ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు) పక్కనుంచి ఆయిల్‌ను లోపలికి లాగేస్తుంది. అలిపిరి దగ్గర చదును రోడ్డు మీదికొచ్చి థ్రాటిల్ తిప్పగానే గుప్పున నీలం మబ్బు! మీదీ ఇదే అయితే ఏ ఆయిలూ నయం చేయదు, సీళ్లు మార్పించాల్సిందే. ఎక్కేటప్పుడు కూడా పొగ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే గొట్టం లోపలి గోడ) చూపించండి.

అలాగని ఆయిల్ తప్పే ఉండదని కాదు. మా షెడ్డు మెకానిక్ సర్వీసుకిచ్చిన ప్రతిసారీ లీటరు డబ్బా మొత్తం ఒంపేసేవాడు. "మిగిలిన కాస్త ఇంటికి తీసుకుపోయి ఏం చేస్తావన్నా?" అనేవాడు. నా బండి మాన్యువల్‌లో ఉన్నది 900 మి.లీ. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టంలోంచి (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి చేరింది. మూత తీస్తే ఫిల్టర్ బజ్జీలు కట్టిన కాగితంలా నూనె పీల్చుకుని ఉంది. గాలి ఆడక, పెట్రోలు పాలు ఎక్కువై, ఆ ఏడు పొల్యూషన్ పరీక్షలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) హద్దు 3.5 శాతం దాటింది. ఫిల్టర్ మార్చి, ఆయిల్‌ను కొలపుల్ల మీది గీత దాకా తగ్గించాక పాసయింది. ఆయిల్ చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉండాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది.

గ్రేడ్ సంగతి. అరిగిన ఇంజన్‌లో పల్చటి ఆయిల్ ఇంకా తొందరగా కాలుతుంది. మాన్యువల్ చెప్పిన 10డబ్ల్యూ-30 వదిలేసి ఒక ఎండాకాలం అంతకంటే చిక్కటి 20డబ్ల్యూ-50తో నెట్టుకొచ్చాను. పొగ కాస్త తగ్గింది, మైలేజీ కూడా తగ్గింది. కారు ఆయిల్ మాత్రం పోయకండి, క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, అంటే బైక్ క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని.

ఆయిల్ మార్చగానే పొగ తగ్గడం నేను కళ్లారా చూసింది టూ-స్ట్రోక్‌లోనే. అందులో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోవాల్సిందే కాబట్టి ఏది పోశాం, ఎంత పోశాం అన్నదే అంతా. మా నాయన స్కూటర్‌కు లీటరుకు 20 మి.లీ. చాలు. ఆయన ఇంజన్‌కు బలమని ఇంకో మూత, ఇంకో మూత పోసేవాడు. పొద్దున్నే కిక్ కొడితే కల్లాపి చల్లుకుంటున్న ఎదురింటి అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. కొలత సరిచేసి, పొగ తక్కువ వచ్చే జాసో ఎఫ్‌సీ రకానికి మారాక ఆమె తిట్లు ఆగాయి.

ఇంకోటి, సర్టిఫికెట్ ఉంది కదా అనుకోవద్దు. పెట్రోలు బండికి ఆ మెషిన్ చూసేది సీఓ, హైడ్రోకార్బన్లు (కాలకుండా మిగిలిన ఇంధనం). పొగ ఎంత దట్టంగా ఉందో అది కొలవదు. నీలం పొగ వదిలే బండి కూడా పాసవ్వొచ్చు.

ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె కింద బిరడా పెట్టిన చిన్న గొట్టం ఉందేమో చూసి, ఉంటే బిరడా తీయండి. నూనె కారిందా లేదా, పొగ ఎక్కేటప్పుడా దిగేటప్పుడా రాయండి, సీళ్లో రింగులో చెప్తాను.