ఒక్కరి చెక్కు మీద నడిచే క్లబ్బుకు ట్రెజరరు కాబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మీ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు డబ్బు వ్యవహారాలు నిన్ను చూడమన్నారని, ఒక పెద్దాయన ఏటా భారీగా డబ్బు పెడతానంటున్నారని, నాలుగేళ్ళలో పై డివిజన్లకు వెళ్ళాలన్నది వాళ్ళ పట్టుదల అని రాశావు. వద్దని చెప్పను. ఉద్యోగం కోసం స్కాట్లండ్ వెళ్ళిన మనవాడిని ఆ ఊరివాళ్ళు పిలిచి పెట్టె తాళం చేతికిస్తున్నారంటే అది గౌరవమే. అయితే సంతకం పెట్టేలోపు గ్రెట్నా క్లబ్బు సంగతి వివరంగా తెలుసుకో. మీ వాళ్ళు వెళ్దామంటున్న దారిలో ఆ క్లబ్బు ముందే నడిచింది.

గ్రెట్నా ఇంగ్లండు సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. జనాభా మూడు వేలకు అటూఇటూ. 1946లో పుట్టిన క్లబ్బు చాలాకాలం ఇంగ్లండు వైపు చిన్న లీగుల్లోనే ఆడింది. 2002లో ఎయిర్‌డ్రియోనియన్స్ అనే క్లబ్బు దివాలా తీయడంతో స్కాటిష్ లీగులో ఒక చోటు ఖాళీ అయింది, అది గ్రెట్నాకు దక్కింది. ఇన్సూరెన్సు వ్యాపారంలో సంపాదించిన బ్రూక్స్ మైల్సన్ డబ్బు పెట్టాడు. 2004-05లో మూడో డివిజన్, 2005-06లో రెండో డివిజన్, 2006-07లో మొదటి డివిజన్ (ప్రీమియర్ లీగుకు ఒక్క మెట్టు కింద) వరసగా గెలిచేశారు. 2006 మేలో స్కాటిష్ కప్ ఫైనల్‌కు వెళ్ళి హార్ట్స్‌తో 1-1గా నిలిచి, పెనాల్టీల్లో మాత్రమే ఓడారు. ఆ ఏడాదే యూరప్ క్లబ్బుల యూఏఫా కప్ అర్హత పోటీల్లోనూ ఆడారు. మైల్సన్‌కు ఆరోగ్యం బాగాలేక 2008 ఫిబ్రవరిలో డబ్బు ఆగింది. మార్చిలో క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి (అప్పులు తీర్చలేని సంస్థను బయటి నిపుణుడి చేతికప్పగించే పద్ధతి) వెళ్ళింది, పది పాయింట్లు కోశారు. జూన్‌లో లీగుకు రాజీనామా, ఆగస్టు కల్లా క్లబ్బే లేదు. డబ్బు ఆగిన నాటి నుంచి లెక్కేస్తే ఆరు నెలలు.

మైల్సన్ మోసగాడు కాడు. నిజమైన ప్రేమతోనే పెట్టాడు, అదే ఏడాది నవంబరులో చనిపోయాడు కూడా. మీ పెద్దాయన మనసు కూడా మంచిదే అయి ఉంటుంది. నీ పని ఆయన మనసును తూచడం కాదు. ఆయన చెక్కు రాని నెలలో క్లబ్బు బతుకుతుందా లేదా అని లెక్క చూడడం.

అందుకని మొదటి రోజే చిట్టాను రెండు భాగాలు చెయ్యి. ఒక పక్క క్లబ్బు తన కాళ్ళ మీద సంపాదించేది: గేటు, సీజన్ టికెట్లు, బారు, క్యాంటీను, బోర్డు ప్రకటనలు, లీగు వాటా, పిల్లల జట్ల ఫీజులు. రెండో పక్క పెద్దాయన ఇచ్చేది. ఈ రెండూ కలిపి ‘మొత్తం ఆదాయం’ అని ఎక్కడా రాయనివ్వకు. జీతాలు ఆదాయంలో ఎంత శాతమో చూసేటప్పుడు మొదటి పక్క అంకెతోనే భాగించు. కలిపి చూస్తే 60 శాతం అని హాయిగా కనిపించేది, విడదీస్తే 250 శాతం అని తేలవచ్చు.

గేటు డబ్బు ఎంత తక్కువో చాలామందికి తెలియదు. ఒక లెక్క వేసి చూపిస్తాను. పది జట్ల డివిజన్‌లో సీజనుకు 36 ఆటలు, సొంత మైదానంలో 18. ఆటకు 400 మంది, టికెట్ 12 పౌండ్లు అనుకో. 4,800 వస్తుంది. క్లబ్బు టర్నోవర్ 90,000 దాటితే వ్యాట్ తప్పదు, ప్రేక్షకుల టికెట్ మీద మినహాయింపు లేదు. అది తీస్తే 4,000. రెఫరీలు, స్టీవార్డులు, ప్రథమ చికిత్స, లైట్లు కలిపి వెయ్యి వేసుకో. మిగిలింది 3,000. పద్దెనిమిది ఆటలకు 54,000.

ఇప్పుడు వారానికి 600 పౌండ్ల మీద ఒక్క ఫుల్‌టైమ్ ఆటగాడిని తీసుకో. ఏడాదికి 31,200. దాని మీద యజమానిగా క్లబ్బు ప్రభుత్వానికి కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్, 5,000 దాటిన దానిపై 15 శాతం చొప్పున 3,930. మొత్తం 35,130, పెన్షన్ వాటా అదనం. అంటే సీజనంతా వచ్చిన గేటు డబ్బుతో ఒకటిన్నర ఆటగాడిని పోషించగలవు. జట్టుకు ఇరవై మంది కావాలి. నేషనల్ ఇన్సూరెన్స్‌లో యజమానికి ఇచ్చే తగ్గింపు, ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్, 10,500 ఉంది కదా అంటారు. అది క్లబ్బు మొత్తానికి ఒక్కటే, ఇరవై మందికి 7,02,600 అయ్యే ఖర్చులో అది ఏ మూలకు? అదే పార్ట్‌టైమ్ జట్టయితే మనిషికి వారానికి 120, 42 వారాలు, ఇరవై మందికి 1,00,800. నేషనల్ ఇన్సూరెన్స్ ఆ అలవెన్సులోనే సర్దుకుంటుంది. గేటు, బారు, ప్రకటనలు కలిసి దీన్ని అందుకోగలవు, ఫుల్‌టైమ్ జట్టును మాత్రం ఎప్పటికీ అందుకోలేవు. కాబట్టి పార్ట్‌టైమ్ నుంచి ఫుల్‌టైమ్‌కు మారదామని ఎవరన్నా అంటే, అది ఆటకు సంబంధించిన నిర్ణయం అని కోచ్‌కు వదిలేయకు. క్లబ్బు ప్రాణానికి సంబంధించిన నిర్ణయం అదొక్కటే.

పెద్దాయన డబ్బు ఏ రూపంలో వస్తోందో కాగితం మీద పెట్టించు. దానమా, వాటా ధనమా, అప్పా? నోటి మాటగా ‘చూసుకుంటాలే’ అన్నదాన్ని పుస్తకాల్లో చాలామంది అప్పుగా రాసుకుంటారు. ఆయన ఉన్నన్నాళ్ళు ఎవరూ అడగరు. ఆయన పోతే ఆస్తి వ్యవహారం చూసేవాళ్ళు ఆ అప్పు వసూలు చేయక తప్పదు, వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు. ‘ఇస్తాను’ అన్న మాటేమో ఆయనతోనే పోతుంది. రెండు వైపులా నష్టం క్లబ్బుకే. అప్పే అయితే క్లబ్బు ఆస్తుల మీద ఛార్జ్, అంటే తాకట్టు హక్కు, రాయించుకున్నారేమో చూడు. ఛార్జ్ పెడితే 21 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్‌లో నమోదు చేయాలి, అక్కడ ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మైదానం దానిలో కలిసి ఉంటే సంతకం పెట్టకు.

అన్నిటికంటే గట్టిగా పట్టుకోవలసింది ఇది: ఆ సీజన్ జీతాల్లో ఆయన వాటా మొత్తం, సీజన్ మొదలవకముందే క్లబ్బు పేరున విడి ఖాతాలో పడాలి. నెలనెలా చెక్కు అంటే ఒప్పుకోకు. డబ్బున్న మనిషికి ఇది కష్టం కాదు. కష్టమని ఆయన అంటే, నీకు కావలసిన జవాబు ఆగస్టులోనే దొరికినట్టు. ఫిబ్రవరిలో దొరికితే గ్రెట్నాలాగే అవుతుంది. అక్కడ సీజన్ పూర్తి చేయడానికి లీగే ముందస్తుగా డబ్బు సర్ది ఆడించాల్సి వచ్చింది.

ఆటగాళ్ళ ఒప్పందాలు చేతిలో ఉన్న డబ్బుకు మించి ఒక్క రోజు కూడా సాగకూడదు. రెండేళ్ళ డబ్బు ఖాతాలో లేనప్పుడు మూడేళ్ళ ఒప్పందం రాయడం ఇతరుల డబ్బుతో పందెం కాయడమే. కింది డివిజన్‌కు పడితే జీతం ఎంత తగ్గుతుందో ప్రతి ఒప్పందంలోనూ ఉండాలి. పైకి వెళ్తే ఇచ్చే బోనసు, లీగు నుంచి ఆ డబ్బు చేతికందిన తర్వాతే అని రాయించు.

మైదానం సంగతి మీ వాళ్ళు ఇంకా ఆలోచించి ఉండరు. 2007 ఏప్రిల్‌లో డింగ్‌వాల్‌లో రాస్ కౌంటీ మీద ఆట ఆఖరి క్షణాల్లో జేమ్స్ గ్రాడీ గోలు కొట్టడంతో గ్రెట్నా 3-2తో గెలిచి ప్రీమియర్ లీగులోకి వెళ్ళింది. ఆ గోలుతో పాటే, తగిన మైదానం లేకపోవడం వల్ల అయ్యే ఖర్చు కూడా వచ్చిపడింది. ప్రీమియర్ లీగుకు అప్పట్లో 6,000 సీట్లు ఉండాలి, గ్రెట్నా సొంత మైదానం రేడేల్ పార్క్ ఆ దరిదాపుల్లో కూడా లేదు. దాదాపు 75 మైళ్ళ దూరంలోని మదర్‌వెల్ ఫిర్ పార్క్‌ను అద్దెకు తీసుకుని ‘సొంత’ ఆటలు అక్కడ ఆడారు. ఊరి జనం మీద ఆధారపడిన క్లబ్బు ఊరికి అంత దూరమైతే ఏమవుతుంది? 2008 ఏప్రిల్‌లో ఇన్వర్‌నెస్‌తో ఆటకు వచ్చినవాళ్ళు 431 మంది. దేశంలోకెల్లా పెద్ద లీగులో అది. అద్దె, ప్రయాణం, భద్రత ఖర్చు పెద్ద క్లబ్బు స్థాయిలో, గేటు మాత్రం చిన్న క్లబ్బు స్థాయిలో. రెండు జట్లు ఒకే పచ్చిక మీద ఆడడంతో ఆ మైదానమూ పాడైంది.

కాబట్టి పై డివిజన్ లైసెన్సింగ్ నియమాలు ఇప్పుడే తెప్పించుకో. సీట్లు, లైట్లు, పచ్చిక, డ్రెస్సింగ్ గదులు, ప్రతిదానికీ అంచనా రాయించు. ఆ డబ్బు సమకూరే తేదీ, పైకి వెళ్ళాలనుకునే తేదీ కంటే ముందుండాలి. మైదానం తర్వాత చూద్దాం అంటే ఆటగాళ్ళ మీద పెట్టే డబ్బంతా వేరే ఊరి స్టేడియం అద్దెకు దారి వేస్తుంది.

క్లబ్బు జబ్బుపడడం స్కోరుబోర్డు మీద కనిపించదు, పుస్తకాల్లో కనిపిస్తుంది. ముందుగా ఆలస్యమయ్యేది పన్నే. పీఏవైఈ (జీతాల్లోంచి కోసే ఆదాయపు పన్ను), నేషనల్ ఇన్సూరెన్స్ ప్రతి నెలా 22కల్లా ఆన్‌లైన్‌లో కట్టేయాలి. ఒక్క నెల దాటినా కారణం రాతపూర్వకంగా అడుగు. ఆటగాళ్ళ చేతికి నికరం జీతం ఇచ్చేసి, వాళ్ళ దగ్గర కోసిన పన్నును క్లబ్బు వాడేసుకోవడం చాలా చోట్ల జరిగే తప్పు. 2020 డిసెంబరు నుంచి ఈ బాకీల్లో బ్రిటన్ పన్నుల శాఖ హెచ్ఎంఆర్సీకి మళ్ళీ ముందు వరస ఇచ్చారు, కాబట్టి క్లబ్బు మూతపడితే బస్సు ఆసామికీ, కిట్లు ఉతికేవాళ్ళకీ మిగిలేది దాదాపు సున్నా. బస్సువాళ్ళు ముందే డబ్బు కట్టమన్నా, జీతాల తేదీ 28 నుంచి 3కు జరిగినా, పెద్దాయన తన సొంత ఖాతాలోంచి నేరుగా ఒక ఆటగాడికి పంపినా, అదే వారం కమిటీని కూర్చోబెట్టు. పదమూడు వారాల ముందుచూపుతో నగదు లెక్క ఒకటి పెట్టుకుని ప్రతి సోమవారం దిద్దు. అందులో ఏ వారమైనా బాకీ తేలితే, ఆ వారం రాకముందే నీకు తెలిసిపోతుంది.

బాకీ తీరదని తెలిసిపోయాక ఇంకా సరుకు అరువు తెస్తూ పోతే, 1986 ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద డైరెక్టర్లు సొంత జేబులోంచి కట్టాల్సి రావచ్చు. నువ్వు డైరెక్టరువా, ఉత్త కమిటీ సభ్యుడివా అన్నది ముందే తేల్చుకో. ఎవరి కోసమూ వ్యక్తిగత హామీ సంతకం పెట్టకు, ఓవర్‌డ్రాఫ్టుకైనా సరే, బస్సు కంపెనీకైనా సరే. గండం దగ్గర పడిందనిపిస్తే దివాలా వ్యవహారాలు చూసే లైసెన్సున్న ఇన్‌సాల్వెన్సీ ప్రాక్టీషనర్‌ను ఆలస్యం లేకుండా కలవండి. నీ అభ్యంతరాలు మినిట్స్‌లో ఎక్కేలా చూడు. జాలిపడి తెలిసినవాళ్ళ బాకీ ముందుగా తీర్చబోకు. మూతపడడానికి ముందు ఆరు నెలల్లో చేసిన అలాంటి చెల్లింపులను స్కాట్లండ్ చట్టం వెనక్కి రప్పించగలదు.

ఇదంతా చిన్న ఊళ్ళకే అనుకోకు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో మొదలై 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఛాంపియన్ అయింది. 2023-24కల్లా బకాయిల గొడవలు, కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫీఫా నిషేధం, పట్టికలో ఆఖరి స్థానం. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో చొక్కా కొనుక్కుని కూర్చున్న పిల్లలకు చూడడానికి జట్టు లేకుండా పోయింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

గ్రెట్నాలో మాత్రం అభిమానుల సంఘం వదల్లేదు. గ్రెట్నా 2008 అని కొత్త క్లబ్బు పెట్టి ఈస్ట్ ఆఫ్ స్కాట్లండ్ లీగులో కింది నుంచి మొదలుపెట్టారు, తర్వాత రేడేల్ పార్క్‌కు తిరిగి వచ్చారు. ఖాళీ అయిన లీగు చోటు పొరుగున ఉన్న ఆనన్ అథ్లెటిక్‌కు వెళ్ళింది. ఆ క్లబ్బు స్థోమతకు తగ్గట్టు నడుస్తూ ఇప్పటికీ లీగులో ఆడుతోంది. మీ దగ్గర కూడా మనిషికి ఒక ఓటు పద్ధతిలో అభిమానుల సొసైటీ ఒకటి ఇప్పుడే రిజిస్టరు చేయించు. పిల్లల జట్లు, వాళ్ళ ఫీజులు, బంతులు, గోలు స్తంభాలు దాని పేరున ఉంటే, పెద్ద జట్టు అప్పుల్లో మునిగినా పిల్లల ఆట ఆగదు.

వాళ్ళతో కూర్చునేముందు అడిగి తెప్పించుకోవలసినవి: మూడేళ్ళ జమాఖర్చులు, హెచ్ఎంఆర్సీ ఖాతా స్టేట్‌మెంటు, ముగింపు తేదీలతో ఆటగాళ్ళ ఒప్పందాల పట్టిక, మైదానం లీజు, పెద్దాయన డబ్బు తాలూకు కాగితాలు. ట్రెజరరుగా ఉండమన్నవాళ్ళు ఇవి చూపించడానికి సందేహిస్తే ఒప్పుకోకు. చూపిస్తే, వాళ్ళ అనుమతి తీసుకుని ఒప్పందాల పట్టిక, హెచ్ఎంఆర్సీ స్టేట్‌మెంటు నాకు పంపు. ఆ రెండూ చూశాక ఫోన్ చేస్తాను.

మీ మామయ్య