గ్రాంటు సొమ్ము తిరిగి ఇవ్వని సొసైటీ మీద దావాకు గడువు ఉందా?

ప్రశ్న: కళ్యాణదుర్గం ప్రాంతంలో పేద కుటుంబాలకు జీవనోపాధి కోసం గ్రాంట్లు ఇచ్చే చిన్న ట్రస్టుకు నేను కార్యదర్శిని. నలభై మంది ఒంటరి మహిళలకు తలా 20 వేల చొప్పున గొర్రెలు కొనివ్వమని 2021 ఆగస్టులో ఒక స్థానిక సొసైటీకి బ్యాంకు ద్వారా 8 లక్షల రూపాయలు ఇచ్చాం. ఖర్చు కాని సొమ్మును 2022 జూన్ 30లోగా తిరిగి జమ చేయాలన్నది గ్రాంటు పత్రంలోని షరతు. 23 మందికే ఇచ్చారు; మిగిలిన 3.40 లక్షలు రాలేదు. సొసైటీ అధ్యక్షుడు నా బాల్యమిత్రుడు కావడంతో గట్టిగా అడగలేకపోయాను. మా వ్యవస్థాపకులు ఈ దిగులుతోనే కన్నుమూశారు. బాకీ ఉన్న మాట నిజమే, త్వరలో సర్దుతామని 2023 నవంబరు 12న అతను లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు. ఫోన్‌లో దాని ఫొటో ఉంది. మూడేళ్లు దాటితే దావా చెల్లదనీ, పాత తేదీతో ప్రామిసరీ నోటు రాయించుకోమనీ ఒక పెద్దమనిషి చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ దావా నిలుస్తుందా లేదా అన్నది మీ స్నేహం మీద గానీ, మీ ఆవేదన మీద గానీ కాక, మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ 2023 నవంబరు ఉత్తరం మీద ఆధారపడి ఉంది.

మిగులు సొమ్ము రాబట్టుకోవడానికి ఉన్న మూడేళ్ల గడువు మామూలుగా 2025 జూన్ ఆఖరుతో ముగుస్తుంది. పదే పదే వెళ్లి అడిగినా, లీగల్ నోటీసు ఇచ్చినా అది ఒక్క రోజు కూడా పెరగదు. అయితే 1963 నాటి కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ ప్రకారం, గడువు తీరకముందే బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం చేస్తే, ఆ సంతకం చేసిన నాటి నుంచి మూడేళ్లు కొత్తగా లెక్కకు వస్తాయి. కాబట్టి మీకు 2026 నవంబరు 12 వరకు సమయం ఉంటుంది. మొత్తం ఎంతో అందులో రాయకపోయినా ఇబ్బంది లేదు గానీ, అతను సొసైటీ అధ్యక్షుడి హోదాలో సంతకం చేశాడా, స్నేహితుడిగా చేశాడా అన్నది ముఖ్యం. ఇంత విలువైన కాగితం అసలు ప్రతి ఎక్కడుందో మీరు రాయనే లేదు. పదిహేడు పేద కుటుంబాలకు చేరవలసిన సొమ్ముకు ఆధారమైన పత్రాన్ని ఫోన్‌లో ఫొటోగా మాత్రమే ఉంచుకోవడం క్షమించరాని అజాగ్రత్త. ముందు దాన్ని వెతికి పట్టుకోండి. దొరకకపోతే, ఫొటోను రుజువుగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి కనుక, ఆ ఫోన్‌ను మార్చకండి, అందులోని ఫొటోను చెరపకండి.

నిర్దిష్ట ప్రయోజనం కోసం ట్రస్టుగా అప్పగించిన ఆస్తికి కాలపరిమితి చట్టం 10వ సెక్షన్ కింద గడువే వర్తించదన్న వాదన కూడా ఉంది. దాన్ని దావాలో చేర్చండి, కానీ దాన్నే నమ్ముకుని ఆలస్యం చేయకండి.

పాత తేదీతో ప్రామిసరీ నోటు జోలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. కోర్టును నమ్మించడానికి అబద్ధపు పత్రం సృష్టించడం ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం. అవతలి వ్యక్తి ఇష్టపడి సంతకం చేసినా అది నేరం కాకుండా పోదు. పైగా నోటు అంటే అప్పు. మీ బ్యాంకు ఖాతా, మీ ఆడిట్ నివేదికలు అదే సొమ్మును గ్రాంటుగా చూపుతుండగా మీరు అప్పు ఇచ్చామంటే, మీ లెక్కలే మీకు ఎదురు సాక్ష్యం చెబుతాయి. నిజమైన ఉత్తరం చేతిలో ఉండగా దొంగ నోటు తెచ్చి, ఆ ఉత్తరాన్ని కూడా కోర్టు అనుమానించేలా చేసుకోవద్దు.

గ్రాంటు పత్రం, బ్యాంకు ధ్రువీకరించిన ఖాతా నకలు, గొర్రెలు అందిన 23 మంది రసీదులు, అందని 17 మంది వాంగ్మూలాలు సిద్ధం చేసుకోండి. దావా ట్రస్టు పేరుతో మాత్రమే వేస్తే అభ్యంతరం వస్తుంది. ధర్మకర్తలందరూ వాదులుగా చేరాలి. వ్యవస్థాపకుల స్థానంలో ఎవరినైనా నియమించి ఉంటే ఆ తీర్మానం కూడా జతచేయండి. సొసైటీని దాని రిజిస్టర్డ్ పేరుతో ప్రతివాదిగా చూపండి. దావాకు ముందు సొసైటీకి పంపే లీగల్ నోటీసులో పదిహేను రోజులకు మించి గడువు ఇవ్వకండి. ఈలోగా వారు కొంత సొమ్ము కడతామంటే ట్రస్టు ఖాతాలోనే జమ చేయించుకుని, అది ఏ గ్రాంటు బాకీ కింద చెల్లించారో సొసైటీ తరఫున సంతకంతో రాయించుకోండి.