క్రిస్మస్ కార్డుల పని మొదలుపెడుతున్న మా మేనకోడలికి

రాయగడ

చిరంజీవి మేనకోడలికి, ప్రభువు నామమున మీ మేనత్త దీవించి వ్రాయునది.

నువ్వు జయపురంలో, కంప్యూటరులో గీసిన బొమ్మను కాగితంలో కోసి ఇచ్చే కటింగ్ మెషీను వాయిదాల మీద కొన్నావనీ, ఈ క్రిస్మస్‌కు కార్డులూ, నక్షత్రాలూ, చెట్టుకు వేలాడదీసే బొమ్మలూ చేసి అమ్మబోతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో సంబరం విని నాకూ సంబరమే అయింది, ఎందుకంటే మన ఇంట్లో కాగితం పని వాడితోనే ఆగిపోయిందని నేను ఎప్పుడో అనుకున్నాను. అయితే ఫోను పెట్టేసిన తరువాత ఆ మాటలన్నిటిలోనూ వాయిదాలన్న మాట ఒక్కటే నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఫోనులో చెబితే నువ్వు "సరే అత్తా" అని ఊరుకుంటావు కనుక, దగ్గర పెట్టుకుని మళ్లీ చదువుకోవడానికి వీలుగా ఇది వ్రాస్తున్నాను.

మెషీను నడపడం గురించి నేను చెప్పవలసింది తక్కువ. కొత్త కాగితం ఏది తెచ్చినా అసలు కోతకు ముందు ఒక మూలన చిన్న చతురస్రం కోయించి చూడు, పని అయిపోగానే కాగితాన్ని పట్టి ఉంచే జిగురు మ్యాట్ మీద పలచని ప్లాస్టిక్ రేకు తిరిగి కప్పు, కార్డు కాగితానికి ఒక బ్లేడు, మెరుపుల కాగితానికి మరొక బ్లేడు వేరువేరుగా ఉంచుకో. నీది క్రికట్ కంపెనీ మెషీను అయితే కార్డు కాగితానికి ఆకుపచ్చ మ్యాట్, పలచని కాగితానికి నీలం మ్యాట్ సరిపోతాయి. కోత అయ్యాక కార్డును మ్యాట్ మీద నుంచి పీకకూడదు. మ్యాట్‌ను బోర్లించి, దానినే వెనక్కు వంచుకుంటూ పోతే కాగితం చుట్ట చుట్టుకోకుండా చదునుగా ఊడి వస్తుంది. ఇవి పుస్తకంలో ఉన్న సంగతులే.

పుస్తకంలో సరిగ్గా చెప్పనిది కాగితం గురించి. జేకేపూర్ కాగితం మిల్లు పక్కన పెరిగిన మనకు కాగితం అంటే చనువు ఉంది గానీ, దాని గుణం అందరికీ తెలియదు. మిల్లులో గుజ్జు ఏ దిక్కుకు పరుగెడుతుందో కాగితంలోని నారలు ఎక్కువగా ఆ దిక్కుకే పరుచుకుంటాయి. ఆ వరుసను అనుసరించి మడిస్తే మడత గీత గీసినట్టు వస్తుంది, అడ్డంగా మడిస్తే మడత మీద రంగు చిట్లి లోపలి తెలుపు కనబడుతుంది. కొన్న షీటును రెండు అరచేతుల మధ్య పట్టుకుని మడత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూడు. ఏ వైపు తేలికగా లొంగుతుందో మడత ఆ వైపే రావాలి. కార్డుకు 220 నుంచి 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) కాగితం చాలు, అంతకంటే దళసరిది గొప్పగా కనబడుతుంది గానీ బ్లేడును తినేస్తుంది. కోరాపుట్ వైపు డిసెంబరు పొద్దుటి మంచు నీకు తెలుసు కదా, కాగితం ఆ తేమను పీల్చుకుంటే మ్యాట్ మీద చదునుగా కూర్చోదు. కట్ట విప్పిన కాగితాన్ని పాలిథిన్ సంచిలో కట్టి బీరువాలో పెట్టి, ఎండ వచ్చాకే కోతకు కూర్చో. కవరు ముందు కొని, దానిని బట్టి కార్డు కొలత నిర్ణయించు. ఎ4 షీటును రెండుగా కోసి మడిస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 పొడవు ఉన్న కార్డు వస్తుంది, దానికి 114, 162 కొలతల సి6 కవరు సరిగ్గా కుదురుతుంది.

మన అక్షరాల సంగతి దీనికంటే ముఖ్యం. ఇంగ్లీషు అక్షరం చాలావరకు ఒకే ముక్క, కనుక మెషీను కోసినట్టే చేతికి వస్తుంది. మన 'ప', 'స', 'హ' లకు తలకట్టు ఒంటి నుంచి విడిగా ఉంటుంది, వత్తులు కింద విడిగా ఉంటాయి, సున్నా ఒంటరిగా నిలబడుతుంది. 'క్రిస్మస్ శుభాకాంక్షలు' అని అక్షరాలుగా కోస్తే తలకట్లు, వత్తులు చిల్లర ముక్కలై మ్యాట్ మీద చెల్లాచెదురవుతాయి. అదే మాటను కార్డులో కంతలుగా కోస్తే సున్నా నడుమనున్న చుక్క కాగితం ఊడిపోయి పెద్ద గుంట మిగులుతుంది. కంతలుగా కోసేటప్పుడు నడిమి ముక్క పడిపోకుండా సన్నని వంతెనలు వదలాలి, అక్షరాలుగా కోసేటప్పుడు మాట మొత్తానికీ చుట్టూ ఒక అంచు గీసి వెనుక మరో రంగు కాగితం పొరగా కోసుకోవాలి. కొన్ని యాప్‌లలో తెలుగు టైపు చేస్తే వత్తు పక్కకు జారిపోతుంది, అందుచేత ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరులో యూనికోడ్ అక్షరాలతో టైపు చేసి, దానిని గీతల రూపంలోకి మార్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలను కలిపేసి, ఆ తరువాతే ఎస్‌వీజీ అనే గీతల బొమ్మ ఫైలుగా మెషీనుకు ఇవ్వు. ఒడియాలో చేసే కార్డును మాత్రం ఒడియా బడిలో చదువుకున్న వారి చేత చదివించకుండా ఒక్కటి కూడా కోయవద్దు. మనకు మాట్లాడడం వచ్చినంత మాత్రాన గుడులు, ఒత్తులు కంటికి ఆనవు.

ఇక నేను ఈ ఉత్తరం వ్రాయడానికి అసలు కారణం చెబుతాను. మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

1995లో వాడు ఇక్కడ చిన్న కార్డుల దుకాణం నడిపేవాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు సొంతంగా కార్డు వేయించాలని పూనుకున్నాడు. బొమ్మ వాడే గీశాడు: కొండ మీద పాక, పాక పైన నక్షత్రం, ముందు గొంగళి కప్పుకున్న ఇద్దరు గొర్రెల కాపర్లు. ఇప్పటికీ చెబుతాను, అంత మంచి బొమ్మ వాడు తరువాత గీయలేదు. ప్రెస్సు వారు లెక్క చెప్పారు: ప్లేటు ఖర్చు అయిదు వందలకైనా అంతే, రెండు వేలకైనా అంతే, కనుక ఎక్కువ వేసిన కొద్దీ ఒక్కొక్క కార్డు చవక పడుతుంది. ఆ లెక్కలో అబద్ధం లేదు. మీ నాన్న రెండు వేలు వేయించి, కాగితానికీ ప్రింటింగుకూ అప్పు పెట్టి, కార్డు నడుమ బంగారు రేకుతో '1996' అని కొట్టించాడు. ఆ అంకె మెరుస్తూ ఉంటే కార్డుకు నిండుదనం వచ్చిందని మేమందరం మెచ్చుకున్నాం.

సరుకు డిసెంబరు మూడో వారం గానీ చేతికి రాలేదు. అప్పటికే కొనేవారు సగం మంది కొనేసుకున్నారు. నాలుగు వందలో, అంతకు కొంచెం పైనో అమ్ముడయ్యాయి. జనవరి పదో తేదీ దాటాక ఆ కట్టలను దుకాణం ముందు పెట్టినా ఎవరూ తలెత్తి చూడలేదు, ఎందుకంటే బొమ్మ ఏ ఏటికైనా పనికి వచ్చేదే గానీ ఆ నాలుగు అంకెలు దానిని పాతది చేసేశాయి.

మరుసటి ఏడు ఆ అంకె మీద '1997' అని చిన్న చీటీ అంటిద్దామన్నాడు. ఆ చీటీలు నేనే కత్తెరతో కత్తిరించాను. దుకాణానికి వచ్చిన ఒక పెద్దాయన కార్డు చేతిలోకి తీసుకుని, బొమ్మ చూసి ముచ్చటపడి, బొటనవేలితో చీటీ అంచును తడిమాడు. కింద బంగారు రేకు ఎత్తుగా తగిలింది. ఆయన ఏమీ అనలేదు, కార్డును నెమ్మదిగా కట్ట మీద పెట్టి పక్క దుకాణంలోకి వెళ్లిపోయాడు. మీ నాన్న ముఖం ఆ సాయంత్రం నేను చూడలేకపోయాను. కాగితం వారి బాకీ తీర్చడానికి మా అమ్మ మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్లింది, అది తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, అందుకే వాడికి ఆ సంగతి ఇంకా బరువు. నువ్వు ఒకటో తరగతిలో ఎక్కాలు వ్రాసుకున్న దళసరి తెల్ల అట్టలు జ్ఞాపకం ఉన్నాయా? తిప్పి చూస్తే వెనుక ఆ గొర్రెల కాపర్లే ఉండేవారు.

అందుకని చెబుతున్నాను: కార్డు ఒంటి మీద సంవత్సరం వేయకు. లండనులో 1843లో హెన్రీ కోల్ గారు హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత వేయించిన మొదటి క్రిస్మస్ కార్డులో కూడా క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ శుభాకాంక్షలే ఉన్నాయి గానీ అది ఏ సంవత్సరమో అంకె వేయలేదు. ఆయన తనకు కావలసినవి వాడుకుని మిగిలినవి షిల్లింగు చొప్పున అమ్మించారు. ఎవరైనా అంకె కావాలని పట్టుబడితే దానిని విడి ముక్కగా కోసి, దారంతో కట్టి ఇవ్వు.

అంతకంటే ముఖ్యంగా నీ మెషీను స్వభావం అర్థం చేసుకో తల్లీ. ప్రెస్సులో ఎక్కువ వేస్తే చవక. నీ మెషీనులో మొదటి కార్డుకు ఎంత సమయం పడుతుందో నూరో కార్డుకూ అంతే పడుతుంది, కనుక ముందుగా కోసి నిల్వ పెట్టడం వల్ల నీకు ఒక్క పైసా కలిసి రాదు. ఒక్కొక్క నమూనా రెండేసి చేసి, చూపించి, అడిగిన వారికి అడిగినన్నే కోసి ఇవ్వు. మీ నాన్నకు లేని ఈ వసతి నీకు ఉంది, దీనిని పోగొట్టుకుంటే మాత్రం నేను కోప్పడతాను. మెషీను అమ్మేవారు నీ చేత కార్డులు నిల్వ చేయించలేరు గానీ సామాను నిల్వ చేయిస్తారు. రంగు రంగుల వినైల్ చుట్టలు, మెరుపుల కాగితాల కట్టలు తగ్గింపు ధరకు వచ్చాయంటే చెయ్యి ఆగదు. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, గోధుమ రంగు క్రాఫ్ట్ కాగితం, ఇవి చాలు. వాయిదా తీరేవరకు కొత్త రంగు కొనకు.

ఒప్పుకునే ముందు సమయం లెక్క వేసుకో. కోత, ముక్కలు ఏరడం, పొరలు అంటించడం, మడత, కవరు అన్నీ కలిపి ఒక కార్డుకు ఇరవై నిమిషాలు పట్టిందనుకుంటే నూరు కార్డులకు ముప్పై మూడు గంటలు దాటుతుంది. పగలు ఉద్యోగం చేసుకుంటూ అది ఎన్ని రాత్రుల పనో నువ్వే చూసుకో. నిద్ర చాలని చేతితో సన్నని ముక్కలు ఏరే సూది పట్టుకోవద్దు. జర్మనీలోని బ్రెక్లుం మిషనరీలు 1882లో ఈ ప్రాంతానికి వచ్చినప్పటి నుంచి మన లూథరన్ గుళ్లలో క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే ఆగమన కాలం పాటిస్తూనే ఉన్నాము. దాని మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది. నమూనాలు ఆ ఆదివారానికి రెండు వారాల ముందే గుడిలో చూపించు, డిసెంబరు పదో తేదీ తరువాత కొత్త ఆర్డరు తీసుకోకు. సగం డబ్బు ముందు తీసుకోకుండా బ్లేడు కదిలించకు.

నక్షత్రాల దీపాలు చేస్తే లోపల వేడెక్కని ఎల్ఈడీ తప్ప వేరే బల్బు పెట్టవద్దని కొన్నవారికి గట్టిగా చెప్పు, కొవ్వొత్తి మాట ఎత్తితే అమ్మనే వద్దు. ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికే బొమ్మలు చాలావరకు సొంత వాడకానికే ఇస్తారు, అమ్ముకోవడానికి కాదు. షరతులు చదివి తీసుకో, అంతకంటే నువ్వే గీయి. మంచు కొండలూ దేవదారు చెట్లూ అందరూ కోస్తారు. మన కొండల మీద పాక, ఇప్పచెట్టు, డప్పులతో అర్ధరాత్రి వచ్చే కేరల్స్ పిల్లలు, వీటిని నీలాగా చూసినవారు ఆ యాప్‌లలో ఎవరూ లేరు. మీ నాన్న దగ్గర ఆ గొర్రెల కాపర్ల బొమ్మ పెన్సిలు ప్రతి ఉండాలి. అడిగి చూడు. ఇవ్వనంటాడు, అయినా రెండోసారి అడుగు.

చివరగా ధర. కాగితం, కవరు, జిగురు, పాడైన షీట్లు, అరిగిన బ్లేడూ మ్యాటూ, మెషీను వాయిదాలో ఒక వంతు, నీ గంటల కూలి, అన్నీ కాగితం మీద వ్రాసి కూడిన తరువాతే ధర చెప్పు. మన బంధువులు "మన పిల్లే కదా" అని ఊరికే అడుగుతారు, వారికి లేదనడం నీకు చేతకాదు, చిన్నప్పటి నుంచి నీ స్వభావం అదే. అందుకని మొదటి ఆర్డరు నేనే ఇస్తున్నాను. నాకు పాతిక కార్డులు కావాలి, పదిహేను తెలుగులో, పది ఒడియాలో. డబ్బు మొత్తం ఈ ఉత్తరంతో పాటే మీ నాన్న ఖాతాకు పంపుతున్నాను, తక్కువైతే ఎంత తక్కువైందో మొహమాటం లేకుండా చెప్పు. ఎవరైనా ఊరికే ఇమ్మంటే, సొంత మేనత్త దగ్గర కూడా డబ్బు తీసుకున్నానని చెప్పు.

ఇట్లు,
దీవెనలతో,
మీ మేనత్త