ఐఈపీ ఉన్న పిల్లల సస్పెన్షన్: పది రోజుల లెక్క

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. బాబు నాలుగో తరగతి. ఆటిజం ఉంది, ఐఈపీ (ప్రత్యేక విద్య అవసరమైన పిల్లలకు స్కూలు రాసిచ్చే విద్యా ప్రణాళిక) ఉంది. ఈ ఏడాది మూడు విడతల్లో ఎనిమిది రోజులు సస్పెండ్ చేశారు. అవి కాక, "ఇవాళ కంట్రోల్‌లో లేడు, వచ్చి తీసుకెళ్లండి" అని చాలాసార్లు ఫోన్ చేశారు. మొన్న టీచర్‌ని నెట్టాడని ఇంకో మూడు రోజులు ఇచ్చి, ఆర్డ్ మీటింగ్ (టెక్సాస్‌లో ఐఈపీ కమిటీ సమావేశం) పెట్టారు. మేం హెచ్1బీ మీద ఉన్నాం. గట్టిగా అడగాలంటే భయంగా ఉంది.

జవాబు: బాబు చదువు హక్కుకు మీ వీసాతో సంబంధం లేదు. పత్రాలు లేని కుటుంబాల పిల్లలకు కూడా ప్రభుత్వ బడి చదువు నిరాకరించకూడదని 1982లోనే ప్లైలర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ధైర్యంగా అడగండి.

ఇక రోజుల లెక్క. ఎనిమిది, మూడు కలిపి పదకొండు. ఐడియా అనే ఫెడరల్ చట్టం ప్రకారం ఒక విద్యా సంవత్సరంలో పది రోజులు దాటాక, బాబు ఇంట్లో ఉన్నా స్కూలు చదువు చెప్పించాల్సిందే. విడతలన్నీ కలిసి పది దాటి, ఒకే తరహా ప్రవర్తనకు మళ్లీమళ్లీ పంపేస్తుంటే దాన్ని ప్లేస్‌మెంట్ మార్పుగా, అంటే బాబు చదివే చోటునే మార్చినట్టుగా చూస్తారు. అలా నిర్ణయించిన పది బడి రోజుల్లోపు మానిఫెస్టేషన్ రివ్యూ (ఆ ప్రవర్తనకు వైకల్యంతో సంబంధం ఉందా అని తేల్చే మీటింగ్) జరగాలి. మీకు చెప్పిన మీటింగ్ అదేనా అని ఈమెయిల్‌లో అడగండి.

ఫోన్ చేసి ఇంటికి పంపిన రోజులను వదిలేయకండి. కాగితం లేకుండా పంపినా అది బడికి దూరం చేయడమే. సగం రోజు పంపినా లెక్కలోకి రావచ్చు. తేదీ, టైము, ఎవరు పిలిచారు, ఏ కారణం చెప్పారు అన్నీ రాసుకోండి. అదే రోజు స్కూలుకు ఈమెయిల్ పెట్టండి: "11:20కి బాబుని తీసుకెళ్లమన్నారు. దీన్ని సస్పెన్షన్‌గా నమోదు చేశారా?" ఫ్రంట్ ఆఫీసులో సైన్ అవుట్ చేసేటప్పుడు కారణం దగ్గర "పర్సనల్" అని రాస్తే మీరే తీసుకెళ్లినట్టు అవుతుంది. "స్కూలు పిలిచింది" అని రాయండి.

మీటింగ్‌లో తేల్చాల్సినవి రెండే. ఆ ప్రవర్తనకు వైకల్యం కారణమా, లేదా దానితో నేరుగా, గట్టి సంబంధం ఉందా? ఐఈపీని స్కూలు సరిగా అమలు చేయకపోవడం వల్ల జరిగిందా? రెండో ప్రశ్నను చాలామంది తల్లిదండ్రులు అడగనే అడగరు. క్లాసు మారేటప్పుడు ఎయిడ్ (సహాయక సిబ్బంది) తోడుండాలని ఐఈపీలో ఉండి, ఆ రోజు ఎయిడ్ రాకపోతే? అందుకే ముందుగానే ఇన్సిడెంట్ రిపోర్టు, సర్వీస్ లాగ్‌లు (ఏ సేవ ఎప్పుడు అందిందో రాసిన రికార్డులు), బిహేవియర్ ప్లాన్ (ప్రవర్తనను చక్కదిద్దే ప్రణాళిక) డేటా ఈమెయిల్‌లో అడిగి తెప్పించుకోండి.

"వాడికి తప్పొప్పులు తెలుసు కదా" అని ఎవరైనా అంటే, అడగాల్సిన ప్రశ్న అది కాదని చెప్పండి. మన ఇళ్లలో పెద్దవాళ్ల ముందు వెంటనే "తప్పు మావాడిదే అండీ, ఇంట్లో చెబుతున్నాం" అనేస్తాం. మర్యాదకు అన్న ఆ మాటే మీటింగ్ మినిట్స్‌లోకి (రాతపూర్వక రికార్డులోకి) ఎక్కుతుంది.

రెండింట్లో ఒక్కదానికి "అవును" అని తేలినా, బాబు తన క్లాసుకు తిరిగి వెళ్లాలి. స్కూలు ఎఫ్‌బీఏ (ఆ ప్రవర్తన ఎందుకు వస్తోందో తేల్చే పరిశీలన) చేసి బిహేవియర్ ప్లాన్ పెట్టాలి. ప్లాన్ ఇప్పటికే ఉంటే దాన్ని సమీక్షించి అవసరమైనట్టు మార్చాలి. ఆయుధం, డ్రగ్స్, తీవ్ర శారీరక గాయం ఉన్న కేసుల్లో మాత్రం 45 బడి రోజుల వరకు వేరేచోటికి పంపొచ్చు. మామూలుగా నెట్టడం ఆ గాయం కిందికి రాదు. "కాదు" అని తేలితే ఎక్స్‌పెడైటెడ్ హియరింగ్ (త్వరగా జరిపే విచారణ) కోరండి. కోరిన 20 బడి రోజుల్లో హియరింగ్, ఆపై 10 బడి రోజుల్లో తీర్పు రావాలి.

ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడగండి, ఖర్చు స్కూలుదే. పెద్ద పిల్లలతో అనువాదం చేయించకండి. టెక్సాస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్ తల్లిదండ్రులకు ఉచితంగా సాయం చేస్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. పాపకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని, అతి చురుకుదనం ఉండే సమస్య) అనుకుంటున్నాం, ఐఈపీ లేదు. సస్పెండ్ చేశారు. ఈ రక్షణలు మాకు వర్తిస్తాయా?

జవాబు: ప్రత్యేక విద్య అవసరమేమోనన్న సందేహాన్ని ఈ గొడవకు ముందే టీచర్‌కో, ప్రిన్సిపాల్‌కో రాతపూర్వకంగా చెప్పి ఉంటే, లేదా ఇవాల్యుయేషన్ (ప్రత్యేక విద్య అవసరమో కాదో తేల్చే పరీక్షలు) కోరి ఉంటే, వర్తిస్తాయి. నోటిమాటగా చెప్పింది నిలబడదు. స్కూలు పరీక్షలు చేస్తామన్నప్పుడు మీరు వద్దని ఉంటే ఆ రక్షణ పోతుంది. పిల్లకు ముద్ర పడుతుందని మనవాళ్లు వెనకాడేది సరిగ్గా అక్కడే. ఏదేమైనా ఈరోజే ఈమెయిల్‌లో ఇవాల్యుయేషన్ కోరండి. సస్పెన్షన్ సమయంలో అడిగితే దాన్ని త్వరగా పూర్తి చేయాలి. అది పూర్తయ్యేదాకా మాత్రం సస్పెన్షన్ కొనసాగవచ్చు.