ఒంటరిగా మాస్టారి దగ్గర కరాటే: వచ్చేది, రానిది

36 ఏళ్ల వయసులో కరాటే మొదలుపెట్టాలనుకుంటున్నాననీ, బడిపిల్లలతో కలిసి వరుసలో నిలబడడానికి మొహమాటంగా ఉందనీ, ఇంటికి వచ్చి నేర్పే మాస్టారిని పెట్టుకుంటే నిజంగా విద్య వస్తుందా అనీ మీరు అడిగారు. నేను విజయవాడలో 2016 నుంచి దాదాపు నాలుగేళ్లు ఒక మాస్టారి దగ్గర షోటోకాన్ అనే శైలి కరాటేను ఒంటరిగా నేర్చుకున్నాను. మొదలుపెట్టేనాటికి నాకు 34 ఏళ్లు. విద్య తప్పకుండా వస్తుంది, శుభ్రంగా కూడా వస్తుంది. అయితే అందులో ఒక భాగం మాత్రం ఒకే మనిషి ఎదుట ఎన్నేళ్లు సాధన చేసినా రాదు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా, మీరు అడుగుతున్న పద్ధతి కొత్తదేమీ కాదు, కరాటేలో అదే పాతది. షోటోకాన్‌కు మూలపురుషుడైన గిచిన్ ఫునకోషి (1868–1957) జపాన్‌లోని ఒకినావా దీవిలో తన గురువు అంకో అజాతో ఇంటికి రాత్రివేళ వెళ్లి, పెరట్లో ఆయన చూస్తుండగా ఒకే కటాను, అంటే కదలికల నిర్ణీత వరుసను, గురువుకు తృప్తి కలిగేవరకు నెలల తరబడి చేసేవారు. ఫునకోషి మరో గురువు అంకో ఇతోసు 1901 ప్రాంతంలో కరాటేను అక్కడి బడుల్లో ప్రవేశపెట్టిన తరువాతే పిల్లలను వరుసలుగా నిలబెట్టి, అంకెలు లెక్కపెడుతూ అందరిచేతా ఒకేసారి చేయించే తీరు స్థిరపడింది. ఈనాడు మనం మొదట నేర్చుకునే ఐదు హేయాన్ కటాలు కూడా బడిపిల్లల కోసం ఇతోసు పినాన్ పేరుతో కూర్చినవే. కనుక ఒంటరిగా నేర్చుకుంటే అసలు విద్యకు దూరమవుతానేమో అనే సందేహం పెట్టుకోకండి.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు 40 మంది ఉన్న తరగతిలో రెండేళ్లు కరాటే చేసి, ఆకుపచ్చ బెల్టు వరకు వచ్చాను. ఆ రెండేళ్లలో ఎవరి కంటా పడని ఒక తప్పును మా మాస్టారు మొదటి ఉదయం పది నిమిషాల్లోనే పట్టుకున్నారు. జెన్‌కుట్సు దాచిలో, అంటే ముందు మోకాలు వంచి వెనుక కాలు చాపి నిలబడే భంగిమలో, నా వెనుక మడమ నేలను వదిలి లేస్తోంది. గుద్దు బలం భుజంలోంచి పుట్టదనీ, వెనుక మడమ నేలను నెట్టగా తుంటి తిరిగి, ఆ తోపు చేతిలోకి వస్తుందనీ, మడమ లేస్తే ఆ బలం దారిలోనే జారిపోతుందనీ ఆయన చేసి చూపించారు. నా చీలమండ బిగుసుకుపోయి ఉందని గమనించి, భంగిమను అర అడుగు కురచ చేసి, రోజూ మెట్టు అంచున నిలబడి పిక్కలు సాగదీయమన్నారు. నేను కొత్త పాఠం అడిగితే, “ఇవాళ్టికి మడమ ఒక్కటీ చూసుకో బాబూ, మిగతాది ఎక్కడికీ పోదు” అనేవారు. ఐదు వారాలు పట్టింది కానీ ఆ తరువాత మడమ మళ్లీ లేవలేదు. ఒంటరి శిక్షణకు మీరు ఇచ్చే డబ్బు ఇటువంటి చూపుకోసమే.

కటా నేర్పే తీరు కూడా నాకు చిన్నప్పుడు మా అక్క సంగీతం పాఠంలో సరళీ స్వరాలను మూడు కాలాల్లో పాడడాన్ని గుర్తుచేసేది. ఐదు హేయాన్ కటాల్లో మొదటిదైన హేయాన్ షోదాన్‌లో ఉన్నవి 21 కదలికలే అయినా దానికి మాకు నాలుగు నెలలు పట్టింది. మూడో కదలికలో వెనక్కి తిరిగేటప్పుడు నా చేయి ముందు వెళ్లి, తుంటి వెనకబడేది. మాస్టారు నా నడుము బెల్టు ముడిమీద వేలు ఆనించి, ముందు ముడి తిరగాలని చెప్పి, ఆ ఒక్క మలుపునే ఎంతో నెమ్మదిగానూ, మధ్యమ వేగంలోనూ, చివరికి పూర్తి వేగంతోనూ చేయించేవారు. 40 మందితో పాటు లెక్కకు కదిలే తరగతిలో ఒక మలుపు దగ్గర ఇంతసేపు ఆగడం కుదరదు.

మీ వయసు దృష్ట్యా మరొక మాట. గాలిలోకి మాయె గేరి, అంటే కాలిని ఎదురుగా ముందుకు విసిరే తన్ను, తన్నేటప్పుడు చివర మోకాలు పూర్తిగా బిగుసుకుంటే కీలుకు దెబ్బ తగులుతుంది. నాకు నాలుగో నెలలో అలాగే నొప్పి మొదలైతే, మాస్టారు ఆ ఉదయమే తన్నుల సంఖ్య సగానికి తగ్గించి, ప్యాడ్ పట్టుకుని దానిమీద తన్నించి, తన్నిన కాలిని వెంటనే వెనక్కి మడవడం అలవాటు చేశారు. ఇంకొకటి, గుంపులో ఇతరులు చేస్తున్నప్పుడు దొరికే విశ్రాంతి ఇక్కడ దొరకదు కాబట్టి మొదటి నెల గంటసేపు కాకుండా 40 నిమిషాలే అడగండి.

ఇక రాని భాగం సంగతి. పదిహేనో నెలలో మాస్టారు నన్ను మరో ఊరి డోజోకు, అంటే కరాటే శిక్షణశాలకు, స్నేహపూర్వకమైన కుమితే సాధనకు, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధనకు తీసుకెళ్లారు. నా ఎదుట నిలబడిన పొడుగాటి కుర్రవాడి కాలు మూడుసార్లు వరుసగా నా పొట్టకు తగిలింది. నేను ఒక్కసారి కూడా సమయానికి అడ్డుకోలేకపోయాను. ఇద్దరి మధ్య ఉండే దూరాన్ని జపనీయులు మా-ఆయ్ అంటారు. నాకు తెలిసిన మా-ఆయ్ మా మాస్టారి చేతి పొడవు, ఆయన అడుగు వేగం మాత్రమే. ఆయన గుద్దే ముందు భుజం కొద్దిగా కదలడాన్ని నా కన్ను పట్టేసింది, దాన్నే నేను నా నైపుణ్యమనుకున్నాను. పైగా గురువు శిష్యుణ్ణి ఓడించాలని రాడు, నేర్పాలని వస్తాడు. గెలవాలని వచ్చేవాడి తొందర, తడబాటు, మొండితనం ఆయన దగ్గర ఎలా కనిపిస్తాయి? ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. మాస్టారు కూడా అందులో తన పొరపాటు ఉందని ఒప్పుకుని, ఆదివారాలు తన దగ్గర నేర్చుకునే మరో ఇద్దరిని నాతో కలిపి సాధన చేయించడం మొదలుపెట్టారు. ఆరు నెలల్లో నా కుమితే పూర్తిగా మారిపోయింది. ఇది పదిహేనో నెలలో కాక ఆరో నెలలోనే జరిగి ఉండవలసిందని నా గట్టి అభిప్రాయం.

మాస్టారిని ఎంచుకునే విషయంలో, ఆయన ఎవరి దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారో అడగండి, ఆయన ఇతరులకు పాఠం చెబుతుండగా ఒక పూట కూర్చుని చూడండి. ఏడాదిలో నల్ల బెల్టు ఇప్పిస్తామనేవారిని నమ్మకండి. మా మాస్టారికంటే ముందు నేను అటువంటి ఒకరికి మూడు నెలల ఫీజు ముందుగానే ఇచ్చి పోగొట్టుకున్నాను. ఫునకోషి మొదటిసారి నల్ల బెల్టులు ప్రదానం చేసింది 1924లో, అప్పటికి ఆయనకు 55 ఏళ్లు. ఆయన నేర్చుకున్న కాలంలో బెల్టు ఆశ అనేదే లేదు. ఫీజు ఏ నెలకానెల ఇచ్చే ఏర్పాటు చేసుకోండి. నేను వారానికి మూడు ఉదయాలకు నెలకు 3,000 రూపాయలు ఇచ్చేవాడిని. ఇంట్లో పిల్లలకు కూడా ఇలాగే నేర్పించాలనుకుంటే, పాఠం జరిగినంతసేపూ పెద్దవాళ్లు ఒకరు కనుచూపు మేరలో ఉండడం తప్పనిసరి.

మొదటి రోజే మాస్టారిని, “ఆరో నెల నుంచి నాతో కుమితే ఎవరు చేస్తారండీ?” అని అడగండి. తన ఇతర శిష్యుల పేర్లు చెబితే నిశ్చింతగా చేరండి. ఎవరూ లేరంటే, ఆదివారాలు మీరు మరో డోజోకు వెళ్లడానికి ఆయన సమ్మతి అప్పుడే తీసుకోండి.